హంబన్‌తోట నుంచి జాఫ్నా దాకా: రాజపక్స ఓడిపోయిన దారి

మొదటి రోజు – కొలంబో

కొలంబోలో గాల్ రోడ్డు మీద, కొల్లుపిటియ దగ్గర, సముద్రానికి కూతవేటు దూరంలో టెంపుల్ ట్రీస్ అనే పాతకాలపు బంగళా ఉంది. ప్రధానమంత్రి కోసం కేటాయించిన ఆ ఇంట్లోనే అధ్యక్షుడు మహింద రాజపక్స నివాసం ఉండేవారు. 2015 జనవరి 9న తెల్లవారుజామున, ఓట్ల లెక్కింపు ఇంకా పూర్తి కాకముందే, ఆయన ప్రతిపక్ష నాయకుడు రణిల్ విక్రమసింఘెను అక్కడికి పిలిపించుకుని మాట్లాడి, ఓటమిని ఒప్పుకుని ఇల్లు ఖాళీ చేశారు. కార్యనిర్వాహక అధికారాలున్న అధ్యక్ష పదవి శ్రీలంకలో మొదలైన తరువాత, పదవిలో ఉంటూ పోటీ చేసి ఓడిపోయిన మొదటి అధ్యక్షుడు ఆయనే. జయవర్ధనె, చంద్రిక కుమారతుంగ పదవిలో ఉండి పోటీ చేసి గెలిచారు. 2010లో రాజపక్స కూడా 57.88 శాతం ఓట్లతో గెలిచారు. అంత బలంగా గెలిచిన మనిషి, అయిదేళ్ళు కూడా నిండకముందే ఎలా ఓడిపోయారన్నది నన్ను చాలాకాలంగా వెంటాడుతున్న ప్రశ్న. ఆ ప్రశ్నను వెంటబెట్టుకునే ఈ ద్వీపాన్ని దక్షిణం నుంచి ఉత్తరం దాకా చూడడానికి బయలుదేరాను.

మాది తిరుపతి కాబట్టి ఆ ఎన్నికల జ్ఞాపకం మా ఊరి వాళ్ళకు కొంత దగ్గరిది. 2014 డిసెంబరు 8న నామినేషన్ల ఘట్టం ముగిసిన మర్నాడే రాజపక్స తిరుమలకు వచ్చి, 10వ తేదీ తెల్లవారుజామున శ్రీవారిని దర్శించుకున్నారు. తమిళ సంఘాల నిరసనల వల్ల ఘాట్ రోడ్డు పొడవునా పోలీసు బందోబస్తు ఉండింది. జ్యోతిష్యం మీద ఆయనకున్న నమ్మకం అందరికీ తెలిసిందే. ఎన్నికల ముహూర్తం నిర్ణయించినది తానేనని ఆయన ఆస్థాన జ్యోతిష్కుడు బాహాటంగానే చెప్పుకున్నారు. పదవీకాలం ఇంకా రెండేళ్ళు మిగిలి ఉండగానే, రెండో పర్యాయం ప్రమాణం చేసి నాలుగేళ్ళు నిండిన మరుసటి రోజున, అంటే నవంబరు 20న, ఎన్నికలు ప్రకటించారు.

ముహూర్తం వెనక లెక్క కూడా ఉంది. ఆ సెప్టెంబరులో జరిగిన ఊవా ప్రాంతీయ మండలి ఎన్నికల్లో అధికార కూటమి గెలిచింది గానీ, అంతకుముందు 72 శాతంగా ఉన్న ఓటు 51కి జారిపోయింది. ఆగితే ఇంకా జారుతుందన్న భయం ప్రకటనను తొందరపెట్టింది. అక్టోబరు బడ్జెట్‌లో ఉద్యోగులకు భత్యాలు పెంచడమూ అందులో భాగమే.

రాత్రి కొల్లుపిటియలోని ఒక చిన్న హోటల్లో అప్పం తిన్నాను. వంటమనిషి గుంటపెనంలో పిండి పోసి, రెండు చేతులా పెనాన్ని ఒక చుట్టు తిప్పి, అంచు జాలీలా ఎర్రబడే సమయానికి మధ్యలో గుడ్డు కొట్టి మూత పెడుతున్నాడు. ఆ ఎన్నికల కథలో ఈ అప్పానికి పెద్ద చోటే ఉంది. ఆరోగ్య మంత్రి, పాలక పార్టీ ప్రధాన కార్యదర్శి అయిన మైత్రిపాల సిరిసేన, ఎన్నికల ప్రకటన వెలువడిన ఆ నవంబరు రోజుల్లోనే అధ్యక్షునితో కలిసి రాత్రి అప్పాలు తిని, మర్నాడు ప్రతిపక్షాల ఉమ్మడి అభ్యర్థిగా బయటికి వచ్చేశారు. ప్రచారమంతటా రాజపక్స పక్షం ఈ సంగతిని నమ్మకద్రోహంగా చెప్పుకుంటూ వచ్చింది. వంటమనిషిని అడిగితే, పెనం మీది నుంచి చూపు తిప్పకుండానే, "మహత్తయా, మేం చూసింది అప్పం తిన్నాయన్ని కాదు, అప్పం ధరని" అన్నాడు. ఉమ్మడి అభ్యర్థి అన్న ఆలోచన మొలకెత్తింది కూడా పార్టీ కార్యాలయంలో కాదు. కోట్టెలోని నాగవిహారంలో ఉండే మాదులువావె సోభిత థేరో అనే బౌద్ధ భిక్షువు, అధ్యక్ష పదవికున్న అపరిమిత అధికారాలను తీసేయాలని ఏళ్ళ తరబడి చేసిన ఉద్యమంలోనిది అది. సింహళ బౌద్ధుల రక్షకుడినని చెప్పుకున్న నాయకుడికి ఎదురుగా ఒక బౌద్ధ సన్యాసి నిలబడడం మామూలు విషయం కాదు.

రెండో రోజు – దక్షిణపు తీరం

మాతరకు ఎక్స్‌ప్రెస్‌వే మీద రెండున్నర గంటల్లో చేరవచ్చు. నేను కావాలనే పాత తీరపు రోడ్డున వెళ్ళాను. ఎక్స్‌ప్రెస్‌వే రాజపక్స ప్రచారంలో మొదటి పేజీ బొమ్మ. గాల్ వరకు 2011లో, మాతర వరకు 2014 మార్చిలో తెరిచారు. మనవైపు బైపాస్ రోడ్లకు అలవాటుపడిన కళ్ళకు కూడా అది మంచి రోడ్డే, ఆ మాట ఒప్పుకుని తీరాలి. ఎల్‌టీటీఈ తమిళ పులులతో దాదాపు ముప్ఫై ఏళ్ళు సాగిన యుద్ధం 2009లో ముగిసిన దేశంలో రోడ్లు, రైళ్ళు, కరెంటు వచ్చాయంటే జనం సంతోషించారు, ఆ సంతోషం నిజమైనది.

కానీ పాత రోడ్డు మీద అలుత్‌గమ వస్తుంది. 2014 జూన్‌లో, బోదు బల సేన అనే ఉగ్ర బౌద్ధ సంస్థ సభ తరువాత, ఇక్కడా పక్కనున్న బేరువలలోనూ ముస్లింల ఇళ్ళను, దుకాణాలను తగులబెట్టారు. ప్రాణాలు పోయాయి. ప్రభుత్వం దోషులను కాపాడిందన్న అభిప్రాయం ముస్లింలలో బలంగా నాటుకుంది. సరుకుల కొట్టు పెట్టుకున్న ఒక పెద్దమనిషి దుకాణం గోడకు కొత్త సున్నం ఎక్కడివరకు వేశారో చూపించి, దాని కింద నల్లగా మిగిలిన ఇటుకను గోటితో గీరి చూపించారు. "అప్పటిదాకా మా ఇంట్లో సగం ఓట్లు ఆయనకే పడేవి" అని మాత్రం అన్నారు. మంత్రివర్గంలో ఉన్న రెండు ముస్లిం పార్టీలూ డిసెంబరు చివరి పది రోజుల్లో ఒకదాని వెంట ఒకటిగా సిరిసేన వైపు వెళ్ళిపోయాయి. నాయకులు వెళ్ళకముందే ఓటర్లు వెళ్ళిపోయారని అక్కడి వాళ్ళు అంటారు, నాకూ అదే నిజమనిపిస్తుంది.

మాతర దగ్గర ఒక విహారంలో ఆగాను. పున్నమి రోజున శీలవ్రతం పట్టే భక్తులు తెల్లబట్ట కట్టుకుంటారు, దాన్ని సిల్ రెది అంటారు. ఎన్నికల ప్రచార కాలంలో ఈ తెల్లబట్టను 60 కోట్ల రూపాయల ఖర్చుతో దేశమంతటా పంచిపెట్టారు. డబ్బు టెలికాం నియంత్రణ సంస్థ ఖాతాలోది. 2017లో కొలంబో హైకోర్టు ఇద్దరు ఉన్నతాధికారులకు జైలు శిక్ష వేసింది, 2020లో అప్పీలు కోర్టు వారిని నిర్దోషులుగా విడిచిపెట్టింది. చట్టం ఏమన్నా, ఓటు కోసం వ్రతపు బట్ట పంచడం నాకు చాలా బాధ కలిగించింది.

మూడో రోజు – హంబన్‌తోట, మెదమూలన

హంబన్‌తోట రాజపక్స సొంత జిల్లా. ఆరు వరుసల రోడ్డు మీద మా వాహనానికి ఎదురుగా చాలాసేపటి వరకు ఒక ట్రాక్టరు, రెండు నెమళ్ళు తప్ప ఏమీ రాలేదు. ఇక్కడ 2010 నవంబరులో రేవు తెరిచారు, 2013 మార్చిలో మత్తల అంతర్జాతీయ విమానాశ్రయం తెరిచారు, 2011 ప్రపంచకప్ కోసం సూరియవెవలో 35,000 మంది పట్టే క్రికెట్ స్టేడియం కట్టారు. 2018 కామన్వెల్త్ క్రీడలను ఈ ఊరికే తేవాలని పోటీ పడి గోల్డ్‌కోస్ట్ చేతిలో ఓడిపోయారు. మత్తలకు చైనా ఎగ్జిమ్ బ్యాంకు 19 కోట్ల డాలర్లు అప్పిచ్చింది. ఎన్నికల్లో రాజపక్స ఓడిన పది రోజుల్లోపే శ్రీలంకన్ ఎయిర్‌లైన్స్ అక్కడికి విమానాలు ఆపేసింది. 2017లో రేవును 99 ఏళ్ళ లీజుకు చైనా కంపెనీకి ఇచ్చారు.

విమానాశ్రయం లోపలికి వెళ్ళాను. వరసగా చెక్-ఇన్ కౌంటర్లు, మెరిసే నేల, మాట్లాడితే ప్రతిధ్వనించే హాలు. తుడిచే ఉద్యోగిని ఒక కౌంటరు తుడిచి, పక్కదానికి వెళ్ళి, అంతే జాగ్రత్తగా దాన్నీ తుడుస్తోంది. ఊళ్ళో ఎవరికైనా ఇక్కడ ఉద్యోగం వచ్చిందా అని అడిగితే, తన అక్క కొడుకు కువైట్ వెళ్ళాడనీ, వెళ్ళింది మాత్రం కొలంబో విమానాశ్రయం నుంచేననీ చెప్పింది.

అయినా ఈ జిల్లా ఆయనను వదలలేదు. 2015లో ఇక్కడ ఆయనకు 63 శాతం ఓట్లు పడ్డాయి. రోడ్డు పక్క మట్టికుండల్లో గేదె పెరుగు, కితుల్ అనే తాటిజాతి చెట్టు కల్లుతో కాచిన పాకం అమ్మే ముసలామె రాజపక్స పేరు చెప్పగానే కళ్ళు తుడుచుకుంది. ఆమె కొడుకు సైన్యంలో పనిచేసి ప్రాణాలతో తిరిగొచ్చాడు. యుద్ధం ఆగిపోయింది కాబట్టే తిరిగొచ్చాడని ఆమె నమ్మకం. ఆ కృతజ్ఞతను తక్కువ చేసి మాట్లాడే హక్కు కొలంబో మేధావులకు గానీ నాకు గానీ లేదు. 2015 ఫలితాన్ని అప్పులు, ఖాళీ విమానాశ్రయాలు అన్న రెండు మాటల్లో తేల్చేసేవాళ్ళు ఈ తల్లిని లెక్కలోకి తీసుకోవడం లేదు.

సాయంత్రం వీరకెటియ దాటి మెదమూలన చేరాను. రాజపక్స భుజాన ఎప్పుడూ కనిపించే మట్టి ఎరుపు కండువా ఈ మెట్ట పొలాల రాగి పంటకు గుర్తు. ఆయన పెదతండ్రి 1930లలో అప్పటి చట్టసభ అయిన స్టేట్ కౌన్సిల్‌కు ఎన్నికైనప్పటి నుంచి ఆ కుటుంబం దాన్ని వేసుకుంటోంది. ఓడిపోయిన మర్నాడు ఆయన వచ్చింది ఈ ఊరికే. వేలాది మంది ఇంటి ముందు చేరి ఏడుస్తుంటే, కిటికీ పట్టుకుని పైకెక్కి వారితో మాట్లాడారు. తమిళ ప్రాంతాల ఓట్లే తనను ఓడించాయన్నది ఆ మాటల సారాంశం. ఇదే ఇంటిని 2022 మే 9న ఆందోళనకారులు తగులబెట్టారు. నేను చూసినప్పుడు గేటు వేసి ఉంది. కాపలా మనిషి ఫొటో వద్దన్నాడు, తీయలేదు.

నాలుగో రోజు – బదుల్ల మీదుగా

రోజంతా ప్రయాణమే. వెల్లవాయ నుంచి కొండ ఎక్కి, తేయాకు తోటల మధ్య బదుల్ల చేరాం. సెప్టెంబరు హెచ్చరిక వచ్చిన ఊవా ప్రాంతం ఇదే. 2015లో బదుల్ల జిల్లాలో సిరిసేన మూడు వందల లోపు ఓట్ల తేడాతో గెలిచారు. తోటల్లో పనిచేసే కొండ ప్రాంతపు తమిళులు ఎక్కువగా ఆయన వైపే నిలిచారు. వాళ్ళ పెద్ద సంఘం మాత్రం చివరిదాకా రాజపక్స పక్షానే ఉంది. ఇక్కడా నాయకుడు ఒక దారి, ఓటరు ఒక దారి.

ఐదో రోజు – పొలొన్నరువ

పరాక్రమ సముద్రం చెరువు కట్ట మీద నిలబడితే కనుచూపు మేర వరిచేలు. నాకు కోనసీమ గుర్తుకొచ్చింది. సిరిసేన ఇక్కడి రైతు కుటుంబం మనిషి, రాజకీయాల్లోకి రాకముందు గ్రామాధికారిగా పనిచేశారు. సూటు వేయని, ఇంగ్లీషు మాట్లాడడానికి ఉత్సాహం చూపని, గొంతు పెంచని మనిషి. రాజపక్స సభల్లో ఆకాశమంత కటౌట్లు, టీవీ నిండా ప్రకటనలు ఉండేవి. బొంబాయి నుంచి సల్మాన్ ఖాన్ వచ్చి వేదిక మీద నిలబడ్డారు. సిరిసేనకు ఉన్నది హంస గుర్తు, ఒక ముఖ్యమైన మాట: అధ్యక్షుని అధికారాలు తగ్గిస్తాను.

చెరువు కింద చేనున్న ఒక రైతు ఆనాటి సంగతులు చెప్పారు. రాజపక్సనూ ఆయన ఇష్టపడ్డారట, 2010లో ఓటు ఆయనకే వేశారట. "ఎరువు సబ్సిడీ ఇచ్చాడు, యుద్ధం ఆపాడు, కాదనం. కానీ మంత్రి తమ్ముడిగారు, స్పీకరు అన్నగారు, రక్షణ తమ్ముడిగారు, ఎంపీ కొడుకుగారు. మా పిల్లలకి ఏం మిగిలింది?" అన్నారు. అన్నదమ్ములు నలుగురు ప్రభుత్వంలో కీలక స్థానాల్లో ఉండడం ప్రచారంలో సిరిసేన పక్షం ప్రతి సభలోనూ ఎత్తిచూపిన విషయం. 2010లో రాజపక్సకు 64 శాతానికి పైగా ఓట్లు వేసిన ఈ సింహళ జిల్లా, 2015లో సిరిసేనకు 57.8 శాతం వేసింది. సొంత ఊరి అభిమానం అందులో చాలా ఉంది. అయినా దక్షిణాన మంచుగడ్డలా గట్టిగా ఉన్న సింహళ ఓటు ఇక్కడ చీలకపోయి ఉంటే, ఉత్తరం ఎంత కదిలినా ఫలితం మారేది కాదు. మెదమూలన కిటికీ నుంచి చెప్పిన మాటలో రాజపక్స దీన్ని వదిలేశారు.

ఆరో రోజు – తంబుత్తేగమ, ఉత్తరపు రైలు

అనురాధపురం వెళ్ళే దారిలో తంబుత్తేగమ దగ్గర కూడాగమ అనే పల్లె ఉంది. అహికుంటకులని పిలిచే అక్కడివాళ్ళు పాములాడించడం, చెయ్యి చూసి సోది చెప్పడం కులవృత్తిగా బతికినవాళ్ళు, ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఆ తెలుగు నాకు సగం అర్థమైంది, సగం అడిగి తెలుసుకోవలసి వచ్చింది. ఒక పెద్దావిడ "నాయనా, యే వూరు?" అని అడిగేసరికి గొంతు పట్టేసింది. 2015 గురించి అడిగితే, ఎన్నికలప్పుడు అందరూ వస్తారనీ, ఆ ఏడు వచ్చినవాళ్ళు కూడా ఇంటి స్థలాల గురించే మాటిచ్చారనీ చెప్పింది. ఎవరికి వేసిందో చెప్పలేదు, నేను రెట్టించి అడగలేదు. జిల్లా మాత్రం రాజపక్సకే 53 శాతానికి పైగా ఇచ్చింది.

అనురాధపురంలో యాళ్‌దేవి రైలెక్కాను. యుద్ధంలో 1990లో ఆగిపోయిన ఈ దారిని మన దేశపు రైల్వే నిర్మాణ సంస్థ ఇర్కాన్ తిరిగి నిర్మించింది. 2014 అక్టోబరు 13న, అంటే ఎన్నికల ప్రకటనకు అయిదు వారాల ముందు, రాజపక్స స్వయంగా ఈ రైల్లో జాఫ్నా చేరారు. వవునియా దాటాక తాటిచెట్లు మొదలయ్యాయి, కొన్నింటికి మొవ్వు లేదు, మొండాలే. నా ఎదురు సీట్లోని కాలేజీ కుర్రవాడు రైలు రావడం చాలా మంచిదైందనీ, వాళ్ళ నాన్న మాత్రం మొదటి ఏడాది ఎక్కలేదనీ చెప్పాడు. అతని పెదనాన్న కొడుకు 2009 మే నుంచి కనిపించడం లేదు. రైలు తెచ్చిన ప్రభుత్వం ఆ ఇంటివాళ్ళు అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేదు.

ఏడో రోజు – జాఫ్నా

ఇక్కడ నాకు అంకెలే ఎక్కువగా మాట్లాడాయి. 2005లో రాజపక్స మొదటిసారి గెలిచినప్పుడు, ఎల్‌టీటీఈ బహిష్కరణ పిలుపు వల్ల జాఫ్నా జిల్లాలో పోలింగు 1.2 శాతం. ఉత్తరం ఓటు వేసి ఉంటే రణిల్ గెలిచేవారని అప్పుడే అందరూ అన్నారు, ఎందుకంటే దేశం మొత్తం మీద తేడా 1,80,786 ఓట్లు. 2010లో యుద్ధం ముగిశాక పోలింగు 25 శాతానికి వచ్చింది. 2015లో 66 శాతం దాటింది. ఆ ఎన్నికల్లో జాఫ్నా ఒక్క జిల్లాలోనే సిరిసేనకు 2,53,574 ఓట్లు, రాజపక్సకు 74,454 వచ్చాయి. తేడా 1,79,120. 2005లో ఈ జిల్లా నోరు మూయించడం వల్ల దక్కిన ఆధిక్యమూ, జిల్లా నోరు తెరిచినప్పుడు పోయిన ఆధిక్యమూ ఇంచుమించు ఒకటే.

గ్రంథాలయం ఎదురుగా ఉన్న వీధిలో విశ్రాంత ఉపాధ్యాయులొకరు నాకు కాఫీ ఇచ్చి ఆ జనవరి ఉదయం గురించి చెప్పారు. 1981లో ఈ గ్రంథాలయం కాలినప్పుడు ఆయన యువకుడు. పోలింగు రోజున ఆరు గంటలకే లైన్లో నిలబడ్డారట. ఎడమచేతి చిటికెన వేలికి సిరా వేయించుకుని, బ్యాలెట్ కాగితం మీద పందొమ్మిది మంది పేర్లలో హంసను వెతుక్కుని గీటు పెట్టి, ఇంటికొచ్చి భార్యను, పక్కింటి ముసలాయనను తీసుకుని మళ్ళీ వెళ్ళారట. "అయ్యా, సిరిసేన మీద మాకేమీ ప్రేమ లేదు. యుద్ధం చివరి రోజుల్లో ఆయనే తాత్కాలిక రక్షణ మంత్రి. అయినా వేశాం" అన్నారు.

జనవరి 2న రాజపక్స ఈ ఊరికే వచ్చి ఓటడిగారు. తెలియని దేవత కన్నా తెలిసిన దెయ్యమే మేలని సామెత ఉందనీ, ఆ తెలిసిన దెయ్యం తానేననీ, కాబట్టి తనకే ఓటు వేయమనీ సభలో అన్నారు. చనువుతో అన్న మాటే కావచ్చు. కానీ సైన్యం ఆక్రమించిన పొలాలు తిరిగి రాని ఊళ్ళో, కొడుకుల ఫొటోలు పట్టుకుని తల్లులు రోడ్డున కూర్చునే ఊళ్ళో ఆ మాట ఎలా వినిపిస్తుందో ఆయన చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కరైనా చెప్పవలసింది. ఉపాధ్యాయులు ఆ సభకు వెళ్ళారు. చప్పట్లు ముందు వరసల్లోనే పడ్డాయనీ, తాను సైకిలు తీసుకుని మధ్యలోనే వచ్చేశాననీ చెప్పారు.

చివరి లెక్కలో సిరిసేనకు 62,17,162 ఓట్లు, రాజపక్సకు 57,68,090 వచ్చాయి. 22 ఎన్నికల జిల్లాల్లో రాజపక్స పదింటిలో గెలిచారు. ఆ సాయంత్రమే కొలంబో స్వాతంత్ర్య చౌకులో సిరిసేన ప్రమాణం చేశారు. ఫలితాన్ని ఆపడానికి ఆ రాత్రి ప్రయత్నం జరిగిందని కొత్త ప్రభుత్వంలోని వాళ్ళు ఆరోపించారు, రాజపక్స దాన్ని ఖండించారు. ఏప్రిల్‌లో పార్లమెంటు 19వ రాజ్యాంగ సవరణను రెండు వందలకు పైగా ఓట్లతో ఆమోదించింది. మూడోసారి పోటీ చేయడానికి వీలుగా 2010లో రాజపక్స తొలగించుకున్న రెండు పర్యాయాల పరిమితి దానితో మళ్ళీ వచ్చింది. ఆయన పార్టీ సభ్యులు చాలామంది కూడా దానికి చేయెత్తారు. ఆగస్టులో ఆయన కురునేగల నుంచి మామూలు పార్లమెంటు సభ్యుడిగా ఎన్నికయ్యారు.

ఆక్రమిత పొలాల్లో కొన్ని తిరిగి ఇచ్చారనీ, తన బావమరిది పొలం మాత్రం పలాలి సైనిక కంచె లోపలే ఉందనీ ఉపాధ్యాయులు చెప్పారు. కనిపించకుండా పోయినవారి జాబితా కోసం తల్లులు ఆ తరువాత వచ్చిన అధ్యక్షులందరికీ వినతిపత్రాలు ఇచ్చారు. మధ్యాహ్నం ఆయనతో కలిసి ఆ తల్లుల శిబిరానికి వెళ్ళి, సాయంత్రం దాకా వారితో కూర్చుని, రాత్రి బస్సుకు కొలంబో బయలుదేరాను.